ఇల్లు కొనేముందు ఇంటిని చూడటం: ఒక చిన్న చరిత్ర

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే, ఆఫీసులో నాతో పనిచేసే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇల్లు దొరికింది. తూర్పు ముఖం, నాలుగు బెడ్‌రూములు, స్కూలు కూడా మంచిది. కానీ ఇంకో ఇద్దరు ఆఫర్ వేశారట. ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదని రాసిచ్చేస్తే మనకే వస్తుందంటున్నాడు ఏజెంటు. రాసిచ్చేయనా?"

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

2021 వసంతంలో నేనూ అలాగే రాసిచ్చేశాను. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్ళలో అప్పుడు ఇళ్ళు ఎలా అమ్ముడుపోయేవో ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. శుక్రవారం ఇల్లు లిస్టింగులోకి వస్తే ఆదివారం సాయంత్రానికి పది ఆఫర్లు. మేం అప్పటికి ఆరు ఇళ్ళు పోగొట్టుకున్నాం. ఏడో ఇంటికి అడిగిన ధరకన్నా ఎక్కువ ఇచ్చాం, ఇన్‌స్పెక్షనూ వదులుకున్నాం. గోడలకి కొత్త రంగు, వంటింట్లో కొత్త గ్రానైటు, ఈశాన్యంలో దేవుడి గదికి సరిపోయే జాగా. ఇంకేం కావాలి అనుకున్నాం.

మరుసటి ఏడాది ఎండాకాలం బాగా ముదిరింది. ఆగస్టులో మా పడకగది తలుపు మూసుకోవడం మానేసింది. హాల్లో తలుపు పై మూలనుంచి గోడ మీద ఏటవాలుగా ఒక పగులు బయల్దేరింది. ముందు వెంట్రుకంత ఉండేది, దసరా నాటికి అందులో రూపాయి బిళ్ళ దూరేంత అయింది. ఒకరోజు వీడియో కాల్లో నాన్న ఆ పగులు చూశాడు. మాది పల్నాడు వైపు పల్లె. నాన్న రైతు, ఇంజనీరు కాదు.

"ఏరా, మీ ఇల్లు ఏ నేల మీద కట్టారు?" అన్నాడు.

"ఏమో నాన్నా, నల్లగా, బంకగా ఉంటుంది."

"రేగడి నేల. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే పొంగుతుంది. కొనేముందు చూసుకోలేదా?"

బీటెక్ చదివి, రోజంతా ఒకడు రాసిన కోడుని ఇంకొకడు చూడందే ముందుకి పంపని ఉద్యోగం చేస్తూ, జీవితంలో అన్నిటికన్నా పెద్ద కొనుగోలుని మాత్రం ఎవరిచేతా చూపించకుండా కొన్నాను. తరవాత స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి గది గదికీ ఎత్తులు కొలిచి, ఇంటికి ఒకవైపు రెండంగుళాలు దిగిందని తేల్చాడు. పునాది కింద పద్నాలుగు కాంక్రీటు పియర్లు దింపి, జాకీలతో లేపారు. పదహారు వేల డాలర్లు. వదులుకున్న ఇన్‌స్పెక్షన్ ఖరీదు ఐదొందలు ఉండేదేమో.

ఆ పియర్లు దింపుతున్న నాలుగు రోజులూ ఇంట్లో చప్పుడు భరించలేక లైబ్రరీలో కూర్చున్నాను. అసలు ఈ ఇన్‌స్పెక్షన్ అనేది ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అని వెతకడం అక్కడే మొదలైంది. నేను చరిత్రకారుణ్ణి కాదు. చదివినంతలో నాకు అర్థమైన వరస ఇది.

ఇల్లు సరిగ్గా కట్టకపోతే ఎవరు బాధ్యులు అన్న ప్రశ్న చాలా పాతది. సుమారు 3,750 ఏళ్ళ కిందటి బాబిలోను రాజు హమ్మురాబి శాసనంలోనే దానికి జవాబుంది. ఆ రాతిస్తంభం 1901లో ఇరాన్‌లోని సూసాలో తవ్వకాల్లో బయటపడడం మొదలై, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే మేస్త్రీ కొడుకుని చంపాలి. సామాను పాడైతే నష్టం కట్టి, ఇంటిని తన ఖర్చుతో మళ్ళీ కట్టివ్వాలి. గోడ ఒరిగితే సొంత డబ్బుతో గట్టిపరచాలి. మొదటి రెండూ ఘోరం. చివరి రెండూ మాత్రం నేటి బిల్డర్ వారంటీకి దగ్గరగానే ఉన్నాయి. భారమంతా కట్టినవాడిది.

ఇంగ్లండులో, ఆ దారిలో అమెరికాలో, ఈ లెక్క తిరగబడింది. కొనేవాడే చూసుకోవాలన్నది అక్కడి నియమం. లాటిన్‌లో కేవియట్ ఎంప్టార్ అంటారు, కొనేవాడా జాగ్రత్త అని. ఈ నియమం గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఎత్తే పాత కేసు 1603 నాటిది, ఛాండెలర్ వర్సెస్ లోపస్. చాండెలర్ అనే కంసాలి లోపస్‌కి వంద పౌండ్లకి ఒక రాయి అమ్మాడు. అది బెజోర్ రాయి అన్నాడు. మన గోరోచనం లాంటిదే, జంతువుల కడుపులో గట్టిపడే రాయి, విషానికి విరుగుడని అప్పట్లో నమ్మేవారు. తీరా చూస్తే అది కాదు. కోర్టు ఏమందంటే, ఇది ఫలానా అని ఊరికే చెప్పడం వేరు, హామీ ఇవ్వడం వేరు. హామీ లేదు కాబట్టి దావా చెల్లదు.

రాయిని చేతిలో పట్టుకుని చూడొచ్చు, ఇంకొకరికి చూపించొచ్చు. ఇంటి గోడ లోపల ఏముందో ఎలా చూస్తారు? ఈ ప్రశ్న 1942లో మసాచుసెట్స్ సుప్రీం కోర్టు ముందుకి సూటిగా వచ్చింది. స్వింటన్ అనే ఆయన 1938లో న్యూటన్ ఊళ్ళో ఒక బ్యాంకు నుంచి ఇల్లు కొన్నాడు. రెండేళ్ళ తరవాత, 1940లో, ఇల్లంతా చెదలు తినేసిందని బయటపడింది. బ్యాంకుకి ముందే తెలుసని, మామూలుగా చూస్తే కనపడేది కాదని ఆయన దావా. ఆ మాటలన్నీ నిజమే అనుకున్నా సరే, ఆయన గెలవడని కోర్టు చెప్పింది. బ్యాంకు అబద్ధం చెప్పలేదు, ఆయన్ని చూడనివ్వకుండా అడ్డుపడలేదు, ఊరికే మాట్లాడకుండా ఉంది. మాట్లాడనందుకు శిక్షించడం మొదలుపెడితే, కనపడని లోపం గురించి చెప్పని ప్రతి అమ్మకందారూ దోషి అవుతాడు అన్నారు.

ఇక్కడ మనవాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది. దీనికి అరవై ఏళ్ళ ముందే, 1882లో, భారతదేశంలో వచ్చిన ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ వేరే మాట చెప్పింది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉన్నా, హక్కులో ఉన్నా, అమ్మేవాడు చెప్పి తీరాలి. ఇద్దరూ వేరే ఒప్పందం రాసుకోకపోతే ఇదే లెక్క. తెల్లదొరలు తమ దేశంలో నడుపుకున్నదానికన్నా మనకి రాసిపెట్టిన కాగితమే ఈ విషయంలో మెరుగ్గా ఉంది. కానీ మన అలవాటు మాత్రం హక్కు దగ్గరే ఆగిపోయింది. ఇల్లు కొనేటప్పుడు మా నాన్న తరం వాళ్ళు ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు ముప్ఫై ఏళ్ళవి తిరగేస్తారు, లాయరు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటారు, వాస్తు చూపిస్తారు. కాగితాలని అంత గట్టిగా చూసేవాళ్ళు కూడా, కట్టిన ఇంటిని చూడటానికి డబ్బిచ్చి మనిషిని పిలవడం మాత్రం నేనెక్కడా చూడలేదు. మహా అయితే తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకెళ్తారు. ఈ అలవాటునే మనం విమానంలో ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇక్కడ హక్కు సంగతి టైటిల్ కంపెనీ చూసుకుంటుంది కాబట్టి మనకి వాస్తు ఒక్కటే మిగిలింది.

అమెరికా కథకి మళ్ళీ వస్తాను. 1934లో ఎఫ్‌హెచ్‌ఏ వచ్చింది. ఇంటి అప్పులకి ప్రభుత్వం పూచీ ఉండటం మొదలైంది. 1944లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకి జీఐ బిల్లు వచ్చింది. న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి 1951 దాకా పదిహేడు వేలకి పైగా ఇళ్ళు కట్టారు. ఈ అప్పులకోసం ఇళ్ళని చూసి విలువ కట్టేవాళ్ళు వచ్చేవారు. కొనేవాళ్ళు దాన్నే భరోసా అనుకునేవారు. ఇప్పటికీ అనుకుంటున్నాం. నేనూ అనుకున్నాను: "అప్రైజల్ అయింది కదా, బ్యాంకు అంత డబ్బు ఊరికే ఇస్తుందా?" అప్రైజర్ వచ్చేది బ్యాంకు కోసం. రేపు మీరు కట్టకపోతే ఇంటిని ఎంతకి అమ్ముకోవచ్చు అన్నది ఆయన ప్రశ్న. తలుపు ఎందుకు పట్టేస్తోంది అన్నది ఆయన ప్రశ్న కాదు.

కొనేవాళ్ళ వైపు గాలి తిరిగింది 1960లలో. 1960లోనే వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీం కోర్టు, ఆబ్డీ వర్సెస్ ష్లెమేయర్ అనే ఇంకో చెదల కేసులో, తెలిసి దాచిన అమ్మకందారుదే తప్పు అంది. నేనుండే టెక్సాస్‌లో 1968లో హంబర్ వర్సెస్ మార్టన్ తీర్పు వచ్చింది. హంబర్ అనే వితంతువు బిల్డర్ దగ్గర సరికొత్త ఇల్లు కొంది. ఫైర్‌ప్లేసులో మొదటిసారి మంట వేసిన రోజే ఇల్లు అంటుకుంది. పొగగొట్టం సరిగ్గా కట్టలేదు. బిల్డరే అమ్మే కొత్త ఇంటికి "కొనేవాడా జాగ్రత్త" అన్న నియమం వర్తించదని టెక్సాస్ సుప్రీం కోర్టు తేల్చింది. పనితనం బాగుండాలి, ఇల్లు నివాసానికి పనికిరావాలి, ఈ రెండు హామీలూ అమ్మకంలోనే కలిసి ఉన్నట్టు లెక్క అంది. కొత్త ఇల్లు కదా, చూసేదేముంది అనేవాళ్ళకి నేను ఈ కేసే చెప్తుంటాను.

కోర్టులో గెలవడం ఇల్లు కాలాక సంగతి. కాలకముందే చూసే వృత్తి 1970లలో రూపం దిద్దుకుంది. 1976లో అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ ఏర్పడింది. ఏమేం చూడాలి, ఎలా రాసివ్వాలి అన్న ప్రమాణాలు రాసుకున్నారు. అందులో ముఖ్యమైన నియమం, తాను చూసిన ఇంట్లో తానే రిపేరు పని తీసుకోకూడదు. చూసేవాడికి లోపం దొరికితే లాభం, దొరక్కపోతే నష్టం అన్న పరిస్థితి ఉండకూడదు కదా.

అయితే ఇన్‌స్పెక్షన్ ఇంటింటికీ పాకింది కొనేవాళ్ళ మీద ప్రేమతో కాదు, ఏజెంట్లకి పట్టుకున్న భయంతో. ఈ ముక్క చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1976లో కాలిఫోర్నియాలో డయాబ్లో అనే చోట ఈస్టన్ అనే ఆవిడ 1,70,000 డాలర్లకి ఇల్లు కొంది. కొన్నాళ్ళకే కొండవాలు జారింది. సరిగ్గా దిమ్మిస చేయకుండా పోసిన మట్టి మీద కట్టారు. పునాది కుంగింది, గోడలు పగిలాయి, తలుపులు వంకరపోయాయి. ఇంటి విలువ 20,000కి పడిపోయిందన్నారు, బాగుచేయడానికి 2,13,000 దాకా అవుతుందన్నారు. అంతకుముందు 1973లో, 1975లో కూడా అక్కడ మట్టి జారింది. అమ్మినవాళ్ళు చెప్పలేదు. ఏజెంట్లలో ఒకరు వాలు మీద పరిచిన వలని చూశారు, ఇంకొకరు గెస్ట్‌హౌసు నేల ఎగుడుదిగుడుగా ఉండటం చూశారు. ఎవరూ అడగలేదు. 1984లో అప్పీలు కోర్టు, ఇలాంటి ఎర్రజెండాలు కనపడినప్పుడు అమ్మకందారు తరఫు ఏజెంటు కూడా ఇంటిని శ్రద్ధగా చూసి, తెలిసింది కొనేవాళ్ళకి చెప్పాల్సిందే అని తీర్పిచ్చింది.

దాంతో ఏజెంట్లు ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ ఏజెంటు బాధ్యత ఎంతవరకో చట్టంలో రాసింది. అమ్మేవాళ్ళు ఇంటి లోపాలన్నీ నింపి ఇవ్వాల్సిన ఫారం కూడా వచ్చింది. అప్పటినుంచి ఏజెంట్లే "ఇన్‌స్పెక్టరుని పెట్టుకోండి" అని చెప్పడం మొదలుపెట్టారు. రేపు ఏదైనా జరిగితే వేలు ఇంకొకరి వైపు చూపించొచ్చు. ఈ చరిత్ర తెలిస్తే ఒక లాభముంది. ఏజెంటు సిఫారసు చేసిన ఇన్‌స్పెక్టరు చెడ్డవాడని కాదు, కానీ ఆయనకి ఏటా ఇరవై ఇళ్ళ పని వచ్చేది ఆ ఏజెంటు నుంచి, మీ నుంచి ఒక్క ఇల్లు. అందుకని మనిషిని మీరే వెతుక్కోండి.

అదే 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలో ఇంకో విచిత్రం జరిగింది. స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు, ఇంకా నడపడం మొదలుపెట్టని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. రేడియేషన్ గుర్తించే యంత్రాలు ఆయన్ని చూసి మోగేవి. చివరికి తేలిందేమంటే, రేడియేషన్ ప్లాంటులోంచి ఇంటికి పోవడం లేదు, ఇంట్లోంచే ప్లాంటుకి వస్తోంది. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు ఆయన ఇంట్లో సుమారు 2,700 పికోక్యూరీలుంది. 4 దాటితే ఏదైనా చెయ్యమని ఈపీఏ చెప్తుంది. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. రంగు లేదు, వాసన లేదు, ఊపిరితిత్తుల కేన్సరు తెస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా బేస్‌మెంట్లున్న ఇళ్ళకి, ఇన్‌స్పెక్షన్‌తోపాటు రేడాన్ పరీక్ష చేయించే అలవాటు ఈ కథ తరవాతే పెరిగింది. రెండు రోజులు చిన్న డబ్బా పెట్టి తీసుకెళ్తారు, అంతే.

మళ్ళీ మా నేల దగ్గరకి. టెక్సాస్‌లో రెడ్ రివర్ దగ్గర నుంచి డాలస్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అనే నల్లనేల పట్టీ ఉంది. ఒకప్పుడు అంతా పత్తి పండేది. మన పల్నాడు రేగడీ, ఇదీ మట్టి శాస్త్రం ప్రకారం ఒకే జాతి, వెర్టిసాల్స్ అంటారు. భూగోళం పుస్తకాల్లో ఈ మట్టికి వాడే "రేగర్" అన్న పేరే మన తెలుగు రేగడ నుంచి వచ్చింది. పదివేల మైళ్ళ దూరం వచ్చి, మా నాన్న దున్నిన మట్టి మీదే ఇల్లు కొన్నాను, గుర్తుపట్టలేదు. ఇక్కడ ఎండాకాలంలో జనం పునాది చుట్టూ నీళ్ళ గొట్టం పరిచి ఇంటికి నీళ్ళు పెడతారు. నాన్నకి చెప్తే "చేనుకి పెట్టినట్టా?" అని నవ్వాడు. అంతే, మట్టి ఒక్కసారిగా ఎండకుండా చూడటమే దాని పని. ఇప్పుడు నేనూ పెడుతున్నాను.

2020, 2021ల్లో ఇళ్ళకి పోటీ పెరిగినప్పుడు, దశాబ్దాల తరబడి కూడబెట్టుకున్న ఈ జాగ్రత్తని మనంతట మనమే వదులుకున్నాం. వదులుకోకపోతే ఇల్లు రాదు అన్నంత దాకా వచ్చింది. ఒక్కరు వదులుకుంటే మిగతావాళ్ళకీ తప్పదు. ఇది ఒక్కో కొనుగోలుదారు తెలివితో తేలే విషయం కాదని చివరికి ఒక రాష్ట్రం ఒప్పుకుంది. 1942లో స్వింటన్‌ని ఉత్త చేతులతో పంపిన మసాచుసెట్సే, 2025 అక్టోబరు మధ్య నుంచి, ఇన్‌స్పెక్షన్ వదులుకోవాలని అమ్మేవాళ్ళు షరతు పెట్టకూడదని నియమం తెచ్చింది. అక్కడున్న మనవాళ్ళకి ఈ బాధ లేదు. మిగతా చోట్ల ఉంది.

ఇన్‌స్పెక్షన్ సర్వరోగనివారిణి కాదని కూడా చెప్పాలి. ఇన్‌స్పెక్టరు మూడు నాలుగు గంటలు ఉంటాడు. కప్పు, అటక, పునాది, కరెంటు, నీళ్ళ గొట్టాలు, ఏసీ, వాటర్ హీటరు చూస్తాడు. కనపడేదే చూస్తాడు, గోడ పగలగొట్టి చూడడు. చెదలు, మురుగు గొట్టంలో కెమెరా, పునాది కొలతలు విడిగా చేయించుకోవాల్సి రావచ్చు. టెక్సాస్‌లో ఆప్షన్ పీరియడ్ అని కొద్ది రోజులు ఉంటుంది, చిన్న రుసుం కట్టి, ఆ గడువులో ఏ కారణం లేకుండానైనా తప్పుకోవచ్చు. ఆ రోజులు చూడటానికే ఉన్నాయి. కొత్త ఇల్లయితే బిల్డరు ఏడాది వారంటీ అయిపోకముందు, పదకొండో నెలలో ఇంకోసారి చూపించండి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మీరూ వెంట తిరగండి. రిపోర్టు చదవడంకన్నా ఆ మూడు గంటల్లోనే ఎక్కువ తెలుస్తుంది. నీళ్ళ కవాటం ఎక్కడుందో, మెయిన్ ఎలా ఆపాలో చాలామందికి ఆరోజే తెలుస్తుంది. ఇండియాలో ఫ్లాటు కొంటున్నవాళ్ళకి 2016 రెరా చట్టంలో ఒక ఆయుధముంది. చేతికిచ్చిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడి, మీరు చెప్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. కానీ లోపం ఉందని చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు చూడాలి కదా.

తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. నా మాట విని ఇన్‌స్పెక్షన్ పెట్టుకున్నాడు, ఆ ఇల్లు చెయ్యిజారిపోయింది. మరదలు నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. నాకూ తప్పు చేశానా అనిపించింది. నాలుగు నెలలకి ఇంకో ఇల్లు దొరికింది. ఈసారి ఇన్‌స్పెక్టరు అటక మీద ఒక విషయం పట్టాడు. ఫర్నేసు పొగ బయటికి పోయే గొట్టం కీలు దగ్గర ఊడిపోయి ఉంది. చలికాలంలో హీటరు వేస్తే ఆ పొగ, అందులోని కార్బన్ మోనాక్సైడూ అటకలోనే చేరుతుంది, అక్కడినుంచి ఇంట్లోకి. దాని కిందే పిల్లల గది. బాగుచేయడానికి రెండొందల డాలర్లు కూడా కాలేదు, అమ్మినవాళ్ళే ఇచ్చారు.

గృహప్రవేశానికి వెళ్ళాను. పాలు పొంగించాక మరదలు నన్ను పిలిచి, ముందు ఆ అటక మెట్లు దింపి, కొత్తగా బిగించిన గొట్టం చూపించింది. తరవాతే దేవుడి గది చూపించింది.